అంబేద్కర్ 1949 నవంబర్ 25 ప్రసంగంలో అలంకారాలు: గుర్తించడంలో సాయం కావాలి

వైనతేయ_అమ్మాయి (అమలాపురం)

అందరికీ నమస్కారం. అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఒక రాజకీయ ప్రసంగం తీసుకుని, అందులో వక్త వాడిన అలంకారాలూ మాటల ఎత్తుగడలూ గుర్తించి, ఒక్కొక్కటీ అక్కడ ఏం పని చేస్తోందో రాయమన్నారు. మా జిల్లాకి అంబేద్కర్ గారి పేరే ఉంది కాబట్టి, ఆయన రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న చేసిన ప్రసంగం ఎంచుకున్నాను. ఆ మర్నాడే సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది.

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. తీరా రాయబోతే ఏమీ దొరకట్లేదు. పదో తరగతిలో చెప్పిన ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి కోసం వెతికాను. చాలా తక్కువ ఉన్నాయి. మరి ఇంత బలం ఎక్కడి నుంచి వస్తోంది?

నాకు తెగనివి ఇవి (అనువాదం నాదే):

"1950 జనవరి 26న మనం ఒక వైరుధ్యాల జీవితంలోకి అడుగు పెట్టబోతున్నాం. రాజకీయాల్లో మనకు సమానత్వం ఉంటుంది. సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉంటుంది." ఇది విరోధాభాసమేనా?

"ఎంతకాలం ఈ వైరుధ్యాల జీవితం గడుపుతాం? ఎంతకాలం మన సామాజిక, ఆర్థిక జీవితంలో సమానత్వాన్ని నిరాకరిస్తూ ఉంటాం?" ఇది ప్రశ్న అని తెలుసు. ప్రశ్న అని రాస్తే సరిపోతుందా?

ఇంకోటి, ప్రసంగం మొదట్లో బోలెడు అంకెలున్నాయి. అవి కూడా ఎత్తుగడ కిందికి వస్తాయా, లేక వదిలేయొచ్చా?

పాలకొల్లు_మాస్టారు (పాలకొల్లు)

అమ్మా, పోలికలు దొరకలేదని బెంగపడకు. ఈ ప్రసంగం బలం పోలికల్లో లేదు, వాక్యం కట్టిన తీరులో ఉంది. బడిలో మనం పద్యాల కోసం అలంకారాలు నేర్పాం కాబట్టి పిల్లలు ముందు పోలికల కోసమే వెతుకుతారు.

విరోధాభాసం అని రాయకు. దాని లక్షణం గుర్తు చేసుకో. పైకి విరోధం కనిపించాలి, అర్థం తెలియగానే ఆ విరోధం తొలగిపోవాలి. "కళ్ళు లేకపోయినా అందరికంటే ముందు చూసినవాడు" అంటే మొదట పొసగదు. ముందుచూపు అనుకోగానే పొసుగుతుంది. అంబేద్కర్ గారి వాక్యంలో విరోధం తొలగదు. ఎంత ఆలోచిస్తే అంత గట్టిపడుతుంది. అది ఆభాసం కాదు, ఉన్న విరోధమే అని చెప్పడానికే ఆయన ఆ మాట అన్నాడు. ఒకదానికొకటి పొసగని రెండింటిని ఒకచోట చేర్చి చూపడాన్ని మన లాక్షణికులు, అంటే అలంకార శాస్త్రం రాసినవాళ్ళు, విషమాలంకారం అన్నారు. నా ఉద్దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది అదే.

ఆ తర్వాతి వాక్యం ఇంకా జాగ్రత్తగా చూడు. రాజకీయాల్లో "ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ" అన్న సూత్రాన్ని గుర్తిస్తాం అంటాడు. మొదటి ముక్క ఓటు దగ్గర ముగిసింది, రెండో ముక్క ఓటుతోనే మొదలైంది. వదిలిన పదాన్నే మళ్ళీ పట్టుకున్నాడు కాబట్టి ముక్తపదగ్రస్తం. ఇక్కడిదాకా నువ్వూ పట్టుకోగలవు. వెంటనే సామాజిక, ఆర్థిక జీవితం దగ్గరికొచ్చి, అక్కడ మాత్రం "ఒక మనిషికి ఒక విలువ" అన్న సూత్రాన్ని నిరాకరిస్తూనే ఉంటాం అంటాడు. గొలుసులో మధ్య కొక్కెం, అంటే ఓటు, తీసేశాడు. మిగిలినవి మనిషి, విలువ. ఓటు ఉన్నచోట మనిషికి విలువ ఉంది, ఓటు లేనిచోట లేదు. పేజీలకొద్దీ చెప్పాల్సిన సంగతిని ఒక పదం తీసేసి చెప్పాడు.

పేరు రాస్తే ఒక మార్కు వస్తుందేమో. ఆ పదం ఎందుకు తీసేశాడో రాస్తే నీకు ప్రసంగం అర్థమైనట్టు.

కొబ్బరితోట (అంబాజీపేట)

మాస్టారూ, ఆ కొక్కెం మాట ఎప్పుడూ నా దృష్టికి రాలేదండీ. మళ్ళీ వెళ్ళి చదివాను.

మైకుసెట్ (మండపేట)

ఆయ్, నమస్కారమండి. నేను అలంకారాలు చదువుకోలేదు. మాది మా నాన్నగారి కాలం నుంచీ మైకుసెట్ పని. మండపేట, ఆలమూరు, రామచంద్రపురం చుట్టుపక్కల ఏ పార్టీ సభ అయినా స్టేజీ పక్కన నేను ఉంటాను. ప్రశ్నల సంగతి అడిగారు కాబట్టి, చెల్లెమ్మకి పనికొస్తుందని రాస్తున్నాను.

సభల్లో ప్రశ్నలు రెండు రకాలండి. ఒకటి జనం చేత జవాబు చెప్పించేది. "శివారుకి కాలువ నీళ్ళు వచ్చాయా?" లేదు. "ధాన్యం డబ్బులు పడ్డాయా?" లేదు. "మీకిచ్చిన మాట నిలబెట్టుకున్నారా?" లేదూ! ఇవి ఎప్పుడూ మూడే ఉంటాయి. మూడోది కొంచెం పొడుగ్గా ఉంటుంది. దానికి జనం ఎంత గట్టిగా అరుస్తారంటే, ముందే సౌండు తగ్గించుకోకపోతే మైకు కూత పెడుతుంది. ప్రశ్న వినకుండానే "లేదు" అనేవాళ్ళని చూశాను. మొదటి రెండింటితో నోరు అలవాటు పడిపోతుందండి. మూడోదాంట్లో ఏం పెట్టినా జవాబు అదే వస్తుంది.

రెండో రకం "ఎంతకాలం?" లాంటిది. దానికి జనం అవునూ కాదూ అనలేరు. సభ ఒక్కసారి ఆగుతుంది. మామూలు నాయకుడు ఆ ఆగడం భరించలేడండి, వెంటనే జిందాబాద్ కొట్టించేస్తాడు. అంబేద్కర్ గారు ఆ ప్రశ్న రెండుసార్లు వేశారంటే, తేలిగ్గా జవాబు చెప్పి లేచి వెళ్ళిపోకుండా మనుషుల్ని కూర్చోబెట్టడానికే అనిపిస్తోంది.

పాలకొల్లు_మాస్టారు (పాలకొల్లు)

మండపేట తమ్ముడు పుస్తకాల్లో లేని సంగతి చెప్పాడు. అమ్మా, ఇది నీ వ్యాసంలో తప్పకుండా పెట్టు.

పేరు కావాలంటే, గొంతు తిరిగే తీరుతో ప్రశ్నే జవాబైపోవడాన్ని కాకువు అంటారు. "నేను నీకు శత్రువునా?" అంటే కాదని అర్థం. మండపేట చెప్పిన మొదటి రకం అదే. "ఎంతకాలం" ప్రశ్న పూర్తిగా కాకువు కాదు. దానికి జవాబు అంబేద్కరే ఇస్తాడు: ఇంకా ఎక్కువకాలం నిరాకరిస్తే, మన రాజకీయ ప్రజాస్వామ్యాన్ని ప్రమాదంలో పడేసుకుంటాం. ఆ వైరుధ్యాన్ని వీలైనంత త్వరగా తొలగించకపోతే, అసమానత్వంతో బాధపడుతున్నవాళ్ళు ఈ సభ ఎంతో శ్రమపడి కట్టిన కట్టడాన్నే పేల్చేస్తారని కూడా అంటాడు. రూపకం కావాలన్నావుగా, ఇదిగో దొరికింది. ప్రజాస్వామ్యం ఒక కట్టడం. అది ఎక్కడొచ్చిందో చూడు. వాదన అంతా అయ్యాక, హెచ్చరిక దగ్గర వచ్చింది. ముందే వచ్చి ఉంటే వట్టి బెదిరింపుగా వినిపించేది.

భీమవరం_లాయరు (భీమవరం)

అంకెల గురించి నేను చెబుతానమ్మా. అవి వదిలేస్తే ప్రసంగంలో సగం వదిలేసినట్టే.

వరస చూడు. సభ 1946 డిసెంబర్ 9న మొదలై 2 సంవత్సరాల 11 నెలల 17 రోజులైందని తనే ముందు చెబుతాడు. 11 సమావేశాలు, 165 రోజులు, అందులో ముసాయిదా మీద చర్చకు 114 రోజులు. ఆ తర్వాత విమర్శకుల మాటను వాళ్ళకంటే ఘాటుగా తనే చెబుతాడు. రోము తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించినట్టుందని అంటున్నారు, ఈ ఫిర్యాదులో న్యాయం ఉందా అని. కోర్టులో ఎదుటి పక్షం వాదనని దాని పూర్తి బలంతో మనమే చెప్పి, తర్వాత జవాబిస్తే జడ్జి చెవి మనవైపు తిరుగుతుంది. ఎదుటివాళ్ళ వాదనను బలహీనంగా చెప్పి కొట్టేస్తే ఎవరూ నమ్మరు.

జవాబు అంకెలతోనే ఇచ్చాడు. అమెరికా రాజ్యాంగం 4 నెలల్లో అయింది, కెనడాకి 2 సంవత్సరాల 5 నెలలు, ఆస్ట్రేలియాకి 9 ఏళ్ళు, దక్షిణాఫ్రికాకి ఒక ఏడాది. అంటే మనకంటే తక్కువ పట్టినవీ ఉన్నాయి. ఆయన వాటిని దాచలేదు. కానీ వాటి పరిమాణం చూడండి అన్నాడు. అమెరికాది 7 అధికరణాలే, మనది 395. పైగా వాళ్ళకి సవరణల బెడద లేదు. మన సభలో 2,473 సవరణల్ని ప్రతిపాదించి, చర్చించి తేల్చాల్సి వచ్చింది.

ఇందులో ఎత్తుగడ ఏమిటంటే, తనకు ఎదురొచ్చే అంకె (అమెరికా 4 నెలలు) ముందు పెట్టి, దాన్ని తేల్చే అంకె తర్వాత పెట్టాడు. అలంకార శాస్త్రంలో దీనికి పేరుందో లేదో మాస్టారు చెప్పాలి. నేనైతే నమ్మకం కట్టడం అంటాను. తర్వాత ఆయన చెప్పబోయే చేదు మాటలు వినాలంటే, ఈ మనిషి లెక్క తప్పడు అన్న నమ్మకం సభకి ముందు కుదరాలి.

గట్టుమీద_గొంతు (యానాం)

అందరికీ ఒక మాట. మీరంతా ప్రేమగా రాస్తున్నారు, బాగుంది. కానీ నాకు ఈ కసరత్తు మీదే అనుమానం ఉంది. మాటల చమత్కారాన్ని మెచ్చుకోవడం నేర్పితే, చమత్కారంగా మోసం చేసేవాణ్ణి కూడా మెచ్చుకుంటాం. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు అన్న మాట ఎన్ని ఎన్నికల్లో, ఎన్ని అలంకారాలతో విన్నాం? వంతెన స్తంభాలు చూపించి మరీ ఓట్లడిగారు. అలంకారం వినడానికి బాగుంటుంది, రైలెక్కడానికి పనికిరాదు. పిల్లలకి అలంకారాలు కాదు, హామీలు లెక్కపెట్టడం నేర్పాలి.

వైనతేయ_అమ్మాయి (అమలాపురం)

బాబాయ్ గారూ, మీరన్నది నాకూ మనసులో ఉంది. మా సార్ "ఏం పని చేస్తోందో రాయాలి" అన్నది అందుకేనేమో. కానీ మంచి పని చేసే అలంకారాన్నీ, మోసం చేసే అలంకారాన్నీ ఎలా విడదీయాలో తెలియట్లేదు. రెండూ ఒకేలా వినిపిస్తాయి కదా.

కొబ్బరితోట (అంబాజీపేట)

నేను ప్రయత్నిస్తానమ్మా. మాకు వరీ ఉంది, కొబ్బరీ ఉంది.

"రైతే రాజు." ప్రతి సభలోనూ వినే మాట. రూపకమే. రైతుకీ రాజుకీ భేదం లేదంటున్నారు. ఇప్పుడు ఆ రూపకాన్ని తీసేసి, మిగిలింది మామూలు మాటల్లో చెప్పి చూడు. ఏం మిగిలింది? రైతుకి ఫలానా ధర ఇస్తాం అనా? మురుగు కాలువ పూడిక తీయిస్తాం అనా? ఏమీ లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరిగింది, మద్దతు ధర చాలలేదు, కూలీలు దొరకలేదు, ముంపు నీరు పోయే దారి లేదు. వేల ఎకరాలు ఖాళీగా వదిలేశాం. చేను ఎండి కాదు, మునిగి కాదు, నాటితే నష్టమని తెలిసి వదిలేశాం. ఆ తర్వాత కూడా "రైతే రాజు" అనే అన్నారు. రాజు ధర ఎందుకు అడుగుతాడు? ఆ మాటతో మా అడిగే హక్కే పోయిందని నాకనిపిస్తుంది. సింహాసనం మీద కూర్చోబెట్టి నోరు మూయించారు.

ఇప్పుడు మాస్టారు చూపించిన వాక్యానికి అదే పని చెయ్యి. "ఒక మనిషికి ఒక విలువ" నుంచి సొగసు తీసేసి చూడు. ఓటు హక్కు అందరికీ సమానంగా వచ్చింది, సంఘంలోనూ సంపదలోనూ సమానత్వం రాలేదు, ఇది ఎక్కువకాలం నిలవదు. మొత్తం వాదన మిగిలే ఉంది. అలంకారం తీస్తే వాదన మిగలాలి. అది మిగలకపోతే యానాం బాబాయ్ గారి అనుమానం నిజం.

భీమవరం_లాయరు (భీమవరం)

దీనికి మించిన పరీక్ష నాకూ తెలియదు.

గట్టుమీద_గొంతు (యానాం)

కొబ్బరితోట గారూ, ఇలా నేర్పితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక సందేహం మిగిలే ఉంది. సభలో కూర్చున్నవాడికి అలంకారం తీసి చూసుకునే టైమ్ ఎక్కడుంది? మండపేట తమ్ముడు చెప్పినట్టు మూడో ప్రశ్న వచ్చేసరికి నోరే అరుస్తుంది.

మైకుసెట్ (మండపేట)

నిజమేనండి. అందుకే కొన్ని మాటలు వినగానే నేను లోపల జాగ్రత్త పడతాను. "ఇది సభ కాదు, జనసముద్రం." "ఇది ఎన్నిక కాదు, యుద్ధం." ఇలా "కాదు" అన్నాక వచ్చేది ఎప్పుడూ అసలు విషయంకంటే పెద్దగా ఉంటుంది. ఇంకోటి, "ఆయన ఇంటి సంగతులు నేను మాట్లాడను, అది నా సంస్కారం కాదు" అంటారు. మాట్లాడనంటూనే అన్నీ గుర్తు చేసేస్తారు. వాటికి పేర్లుంటాయా మాస్టారూ?

పాలకొల్లు_మాస్టారు (పాలకొల్లు)

ఉన్నాయి. మొదటిది అపహ్నుతి. అసలు వస్తువును కాదని చెప్పి, దాని స్థానంలో ఉపమానాన్ని నిలబెట్టడం. "ఇది చంద్రుడు కాదు, ఆకాశగంగలో విరిసిన తామర" అన్నట్టు. కవిత్వంలో అందంగా ఉంటుంది. రాజకీయంలో "ఎన్నిక కాదు, యుద్ధం" అన్నాక ఎదుటి అభ్యర్థి శత్రువైపోతాడు. యుద్ధంలో రోడ్ల గురించి ఎవరూ అడగరు. రెండోది ఆక్షేపం. చెప్పదలచుకున్నదాన్ని చెప్పను అని నిషేధిస్తూ మరింత గట్టిగా స్ఫురింపజేయడం. నిందకు బాధ్యత ఉండదు, నింద మాత్రం చేరుతుంది.

అంబేద్కర్ ప్రసంగంలో ఈ రెండో రకం నేను చూడలేదు. విమర్శించదలచుకుంటే నేరుగా విమర్శించాడు.

గోదారిగట్టు (రాజమండ్రి)

ఆలస్యంగా చూశాను. రూపకం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, మా ఊరి సంగతి ఒకటి. 1907లో వందేమాతరం ఉద్యమం రోజుల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసం ఇచ్చారు. తెలుగులోకి చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆ సందర్భంలో ఆయన ఆశువుగా చెప్పిన తేటగీతి అందరికీ తెలిసిందే:

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారను గడుసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

కొబ్బరితోట గారి పరీక్ష పెట్టి చూశాను. రూపకం తీసేస్తే మిగిలేది: దేశంలో సంపద ఉంది, అది దక్కాల్సినవాళ్ళకి దక్కకుండా పాలకులు తీసుకుపోతున్నారు, నోరెత్తనివ్వడం లేదు. వాదన మొత్తం మిగిలింది. ఆవు, దూడ, పితికేవాడు, కట్టిన మూతి, నాలుగింటికీ బయట నాలుగు నిజాలున్నాయి. ఏ అవయవాన్నీ వదలకుండా కట్టిన సాంగరూపకం.

భీమవరం_లాయరు (భీమవరం)

పద్యం గొప్పది. ఆ రోజుల్లో దాని దెబ్బ ఎంతటిదో ఊహించగలను. అయితే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఉపమానంగా ఎవర్ని తెచ్చుకున్నారు, ఎవర్ని వదిలేశారు? దోపిడీదారుకి పోలికగా ఒక వృత్తి కులం వచ్చింది. దేశప్రజలు అనడానికి ఒక మతం పేరు వచ్చింది. చిలకమర్తి గారికి ఆ ఉద్దేశం ఉందని నేను అనడం లేదు, అది ఆనాటి వాడుక. కానీ ప్రసంగాన్ని పరిశీలించేవాళ్ళు ఇది గమనించి తీరాలి. వాదన సరైనదైనా, పోలిక పక్కవాళ్ళకి తగలొచ్చు.

గోదారిగట్టు (రాజమండ్రి)

ఒప్పుకుంటాను లాయరు గారూ. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన పద్యం కావడంతో ఆ వైపు నుంచి చూడలేదు. అమ్మాయి వ్యాసంలో ఈ రెండో ప్రశ్న కూడా ఉంటే బాగుంటుంది.

వైనతేయ_అమ్మాయి (అమలాపురం)

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇప్పుడు నా అంతట నేను ఒక భాగం పరిశీలించి పెడుతున్నాను. దిద్దండి.

"మతంలో భక్తి ఆత్మ ముక్తికి దారి కావచ్చు. కానీ రాజకీయాల్లో భక్తి, అంటే వీరపూజ, పతనానికీ చివరికి నియంతృత్వానికీ ఖాయమైన దారి."

నేను గమనించినవి: భక్తి, దారి అన్న రెండు పదాలూ రెండు వాక్యాల్లోనూ ఉన్నాయి. మొదటి వాక్యంలో "కావచ్చు" అన్నారు, రెండోదాంట్లో "ఖాయం" అన్నారు. మంచి జరగడం దగ్గర అనుమానం ఉంచి, చెడు జరగడం దగ్గర అనుమానం తీసేశారు. మొదట భక్తిని గౌరవించడం వల్ల, భక్తులైన శ్రోతలు కూడా రెండో వాక్యం వింటారు. పదాలు మళ్ళీ వచ్చాయి కాబట్టి లాటానుప్రాస అని రాయొచ్చా?

పాలకొల్లు_మాస్టారు (పాలకొల్లు)

కావచ్చు, ఖాయం తేడా పట్టుకున్నావు. నేను దిద్దడానికి ఏమీ లేదమ్మా, చాలా సంతోషం.

లాటానుప్రాస అనకు. అందులో ఒకే పదం ఒకే అర్థంతో పక్కపక్కన రావాలి, తాత్పర్యం మాత్రం మారాలి. "మాట మాటే" అంటామే, అది. ఇక్కడ పదాలు దూరంగా ఉన్నాయి. ఒకే చట్రంలో రెండు వ్యతిరేక ఫలితాలు పెట్టాడని మామూలు మాటల్లో రాయి. సరిపోని పేరు తగిలించడం కంటే అది నయం.

గోదారిగట్టు (రాజమండ్రి)

భక్తి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ గారి నినాదం "సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్ళు". ఇక్కడా భక్తి ఉంది. దీన్ని అంబేద్కర్ గారి హెచ్చరిక పక్కన పెడితే ఎలా ఉంటుంది?

భీమవరం_లాయరు (భీమవరం)

మంచి పోలిక. ఆ నినాదంలో భక్తి దిశ తిరగబడింది. నాయకుడు దేవుడు కాదు, ప్రజలు దేవుళ్ళు. రెండు ముక్కలూ ఒకే తూకం, రెండింటిలోనూ "ఏ" అన్న అవధారణ, అంటే నొక్కి చెప్పడం. తెలుగు చెవికి వెంటనే పట్టింది. అంబేద్కర్ హెచ్చరించింది నాయకుడి పాదాల దగ్గర స్వేచ్ఛను పెట్టేయడం గురించి. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా సరే పెట్టకూడదన్న ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ మాటను అక్కడ ఉదహరించాడు. నినాదం దేవుడెవరో మార్చింది. అంబేద్కర్ అయితే రాజకీయంలో పూజే వద్దన్నాడు. నినాదాన్నీ వాదననీ ఒకే కొలతతో కొలవకూడదు గానీ, పక్కపక్కన పెట్టి చూడటం వల్ల ఈ తేడా తెలిసింది.

గట్టుమీద_గొంతు (యానాం)

ఇక్కడ ఒక మాట కలుపుతాను. ఎదుటివాడి మాటనే అందుకుని తిప్పికొట్టడం కూడా ఈ ప్రసంగంలో ఉంది. ముసాయిదా సంఘాన్ని, అంటే డ్రాఫ్టింగ్ కమిటీని, ఒక సభ్యుడు డ్రిఫ్టింగ్ కమిటీ అని ఎత్తిపొడిచాడు. కొట్టుకుపోయే సంఘం అని. అంబేద్కర్ కోప్పడలేదు. కొట్టుకుపోయినా పరిస్థితి మీద పట్టు తప్పలేదన్నాడు. దొరికితే దొరుకుతుందని గాలం వేయలేదు, తెలిసిన నీళ్ళలో తనకు కావలసిన చేప కోసమే వెతికిందన్నాడు. నీటి మీద వచ్చిన ఎత్తిపొడుపుకి నీటిలోంచే జవాబు. ఏటిగట్టు మీద పుట్టినవాణ్ణి, నాకు ఇది అన్నిటికంటే నచ్చింది.

పాలకొల్లు_మాస్టారు (పాలకొల్లు)

ఎదుటివారి మాటను ఇంకో అర్థంలోకి మలుచుకుని జవాబివ్వడం వక్రోక్తి. ఇందిరాగాంధీ 1971లో చేసింది కూడా దీనికి దగ్గరదే. ప్రతిపక్షాలు ఇందిరా హటావో (ఇందిరను తొలగించండి) అంటున్నాయి, నేను గరీబీ హటావో (పేదరికాన్ని తొలగించండి) అంటున్నాను అంది. ఒక్క పదం మార్చింది, మిగతాది ఎదుటివాళ్ళదే. అయితే కొబ్బరితోట పరీక్ష రెండింటికీ పెట్టు. అంబేద్కర్ జవాబు వెనక 2,473 సవరణల పని ఉంది. అమ్మాయికి ఇది చాలు, ఆ రెండో నినాదం వెనక ఏముందో తనే చరిత్ర చదివి రాసుకుంటుంది.

ఇంకో చోటు కూడా వదలకు. స్వేచ్ఛను సమానత్వం నుంచి విడదీయలేం, సమానత్వాన్ని స్వేచ్ఛ నుంచి విడదీయలేం, ఆ రెండింటినీ సౌభ్రాతృత్వం నుంచి విడదీయలేం అంటాడు. ఒకదానికొకటి ఆధారమని చెప్పడం కాబట్టి అన్యోన్యాలంకారం అనవచ్చు. అంతటితో ఆపకుండా, సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమంది పెత్తనం అవుతుందనీ, స్వేచ్ఛ లేని సమానత్వం మనిషి చొరవను చంపేస్తుందనీ వివరించాడు. ముందు సూత్రం, వెంటనే రుజువు. ప్రసంగమంతా ఇదే పద్ధతి.

కొబ్బరితోట (అంబాజీపేట)

చరిత్ర ఉదాహరణల వరస కూడా చూడమ్మా. సింధు రాజు దాహిర్ సేనాపతులు లంచం తిన్నారు. పృథ్వీరాజు మీదికి ఘోరీని పిలిచింది జయచంద్రుడు. శివాజీ పోరాడుతుంటే మిగతా మరాఠా సర్దార్లు, రాజపుత్ర రాజులు మొఘలుల పక్షాన నిలబడ్డారు. అన్నీ లోపలివాళ్ళు చేసిన ద్రోహాలే. బయటి శత్రువుని తిట్టే ఉదాహరణ ఒక్కటీ లేదు. ఆ తర్వాతే, దేశాన్ని మతం కంటే పైన పెడతారా, మతాన్ని దేశం కంటే పైన పెడతారా అని అడిగాడు. ఉదాహరణల ఎంపికలోనే జవాబు ఎటు ఉండాలో చెప్పేశాడు.

వైనతేయ_అమ్మాయి (అమలాపురం)

ఇది నేను పూర్తిగా వదిలేసిన భాగం. చేర్చుకుంటాను. చివరగా ఒకటే సందేహం. ప్రసంగం ముగింపు దగ్గర, కాలం వేగంగా మారుతోంది, జనం "ప్రజల చేత ప్రభుత్వం"తో విసిగిపోతున్నారు, "ప్రజల కొరకు ప్రభుత్వం" ఉంటే చాలనుకుంటున్నారు, అది ప్రజల ప్రభుత్వమా, ప్రజల చేత నడిచే ప్రభుత్వమా అన్నది పట్టించుకోవట్లేదు అంటారు. ఇది లింకన్ మాట కదా? పేరు చెప్పకుండా వాడారు. దీన్ని ఏమని రాయాలి?

భీమవరం_లాయరు (భీమవరం)

లింకన్‌దే. 1863 నవంబర్ 19న గెట్టిస్‌బర్గ్‌లో చేసిన చిన్న ప్రసంగం చివరి మాట. అక్కడ ప్రజల, ప్రజల చేత, ప్రజల కొరకు అన్న మూడూ విడదీయరానివిగా, ఒకే ఊపులో వస్తాయి. సభలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన మాట కాబట్టి పేరు చెప్పాల్సిన పని లేదు. పేరు లేకుండా ఒక ప్రసిద్ధమైన మాటను స్ఫురింపజేయడం అని రాస్తే చాలు.

ఏం పని చేస్తోందో మాత్రం ఇలా రాయి. లింకన్ కలిపిన మూడింటినీ అంబేద్కర్ విడగొట్టాడు. "ప్రజల కొరకు" ఒక్కటి ఉంచి మిగతా రెండూ తీసేస్తే ఏమవుతుంది? మంచి చేసేవాడు ఎవరైనా పరిపాలించవచ్చు, మనల్ని అడగక్కర్లేదు అన్నచోటికి వస్తాం. ఆయన ముందు చెప్పిన భక్తి వాక్యం మళ్ళీ ఒకసారి చదువు. అక్కడ నియంతృత్వానికి దారి అన్నది ఇదే. రెండు చోట్లా ఒకే భయం ఉంది. భక్తి పేరాని, ఈ పేరాని వ్యాసంలో పక్కపక్కన పెట్టి రాయి, మీ సార్‌కి వేరే వివరణ అక్కర్లేదు.